పెన్షనర్ల సంఘం యూనిట్ పనులు: లైఫ్ సర్టిఫికెట్ క్యాంపు, కాగితాల రిజిస్టరు, ఫ్యామిలీ పెన్షన్ – తెలిసినవాళ్లు చెప్పండి

పెన్నా గట్టు (ప్రొద్దుటూరు)

అందరికీ నమస్కారం. మా యూనిట్‌కు కొత్త కార్యవర్గం వచ్చింది. సభ్యుల్లో ఎక్కువమంది టీచర్లు, తక్కినవాళ్లు రెవెన్యూ, ఇరిగేషన్, పోలీసు, పంచాయతీరాజ్. ఫ్యామిలీ పెన్షనర్లు కూడా బాగానే ఉన్నారు. ఇన్నాళ్లూ సంఘమంటే డిసెంబరు 17న పెన్షనర్ల దినం సభ, కొత్త ఏడాదికి డైరీ, అంతవరకే. ఇకమీదట మూడు పనులు గట్టిగా చేయాలని తీర్మానించుకున్నాం: లైఫ్ సర్టిఫికెట్ల (పెన్షనర్ బతికున్నారని ఏటా ఇచ్చే రుజువు) క్యాంపు, సభ్యుల కాగితాల రిజిస్టరు, ఎవరైనా కాలం చేస్తే ఆ ఇంటికి వెంటనే సాయం. ఇవి నడుపుతున్న యూనిట్లవాళ్లు ఏది ఎట్ల చేస్తున్నారో, ఎక్కడ చిక్కు పడుతుందో వివరంగా రాయండి.

ట్రెజరీ రిటైర్డ్ (కర్నూలు)

ముందు తేదీల సంగతి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు నవంబరు, 80 దాటినవాళ్లకు అక్టోబరు నుంచే. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పెన్షనర్లకు అది వర్తించదు. మనకు కొన్నేళ్లుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి నెలాఖరు వరకు. టీవీలో నవంబరు వార్త చూసి పరిగెత్తి చేయించుకునేవాళ్లు ప్రతి యూనిట్‌లోనూ ఉంటారు. నవంబరు, డిసెంబరులో చేసిన సర్టిఫికెట్ ట్రెజరీలో కొత్త ఏడాదికి లెక్కలోకి రాదు, జనవరిలో మళ్లీ చేయాల్సిందే. ఈ ముక్క అక్టోబరులోనే గ్రూపులో పెట్టండి. ట్రెజరీ శాఖ ఏటా మెమో ఇస్తుంది, దాన్ని చదివాకే క్యాంపు తేదీ ఖాయం చేయండి.

జీవన్ ప్రమాణ్‌లో (లైఫ్ సర్టిఫికెట్‌ను ఆధార్‌తో ఫోన్‌లోనే చేసే ప్రభుత్వ యాప్) తప్పులు ఎక్కువగా జరిగేది ముఖం స్కాన్ దగ్గర కాదు, అంతకుముందు నింపే గడుల్లో. నాలుగు చోట్ల జాగ్రత్త.

పెన్షన్ రకం: భర్త పోయాక వచ్చే పెన్షన్‌కు 'ఫ్యామిలీ' అని ఎంచాలి. చాలామంది 'సర్వీస్' నొక్కేస్తారు.

మంజూరు చేసినవారు, చెల్లించేవారు: రాష్ట్ర ప్రభుత్వం, ట్రెజరీ, ఆ కింద మీ సబ్ ట్రెజరీ. డబ్బు బ్యాంకులో పడుతుంది కదా అని బ్యాంకు పేరు ఎంచితే సర్టిఫికెట్ బ్యాంకుకే పోతుంది, ఎస్టీవో (సబ్ ట్రెజరీ ఆఫీసరు) కంప్యూటర్‌లో కనపడదు.

పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు: పీపీఓ పుస్తకం చూసి కొట్టండి, జ్ఞాపకం మీద వద్దు. సీఎఫ్ఎంఎస్ (రాష్ట్ర ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ) ఐడీని పీపీఓ నంబరు గడిలో కొట్టేవాళ్లూ ఉన్నారు.

రెండు పెన్షన్లు: తన సర్వీసు పెన్షన్ ఒకటి, భార్య లేదా భర్త తాలూకు ఫ్యామిలీ పెన్షన్ ఇంకొకటి ఉంటే రెండు పీపీఓలకు రెండు సర్టిఫికెట్లు. ఒకటి చేసి ఇంటికి పోతే రెండోది ఆగిపోతుంది. భార్యాభర్తలిద్దరూ టీచర్లుగా చేసిన ఇళ్లలో ఇది ఎక్కువగా జరుగుతుంది.

ప్రమాణ్ ఐడీతో మెసేజ్ రావడమంటే సర్టిఫికెట్ తయారైందని మాత్రమే. ట్రెజరీవాళ్లు ఒప్పుకున్నట్టు కాదు. క్యాంపు అయిన వారం, పది రోజులకు పేర్ల జాబితా పట్టుకొని ఎస్టీవో ఆఫీసుకు పోయి ఎవరిది ఎక్కింది, ఎవరిది ఎక్కలేదు అని టిక్కు పెట్టుకోవాలి. అంతవరకు క్యాంపు అయినట్టు కాదు.

గుత్తి కోట (అనంతపురం జిల్లా)

సార్ చెప్పినదానికి క్యాంపు ఏర్పాట్లు నేను చెప్తా.

రెండు ఫోన్లు చాలు, మంచివి ఉండల్ల. జీవన్ ప్రమాణ్ యాప్, ఆధార్ ఫేస్ ఆర్డీ యాప్ రెండూ ముందురోజు అప్‌డేట్ చేసి పెట్టుకోవల్ల. ఫేస్ ఆర్డీ ఎక్కించినా స్క్రీను మీద బొమ్మ కనపడదు. అది లోపల పనిచేసేది, ఎక్కలేదనుకొని మళ్లీ మళ్లీ ఎక్కిస్తా కూర్చోవద్దు. మొదట ఆపరేటర్‌ది, అంటే మన కార్యకర్తది, ఆధార్, ఓటీపీ, ముఖం స్కాన్ అయిపోవల్ల. అది ఇంటికాడే చేసుకొని రావల్ల.

కూర్చునే చోటు ముఖ్యం. పెన్షనర్ ముఖం మీద వెలుతురు పడల్ల, వెనక కిటికీ గాని, తలుపు గాని ఉండకూడదు. వెనకనుంచి ఎండ పడితే ముఖం నల్లగా వస్తుంది, స్కాన్ కాదు. వెనక తెల్ల గోడ ఉంటే మేలు. కళ్లద్దాలు, టోపీ, మఫ్లరు తీయించల్ల. జనవరి పొద్దున చలికి మఫ్లర్ కట్టుకొనే వస్తారు పెద్దాయనలు. యాప్ కళ్లు ఆర్పమంటాది, ఆ మాట తెలుగులో మనమే గట్టిగా చెప్పల్ల. ఒకసారి మెల్లగా మూసి తెరిస్తే చాలు. గబగబా కొట్టుకుంటే తీసుకోదు. కాటరాక్ట్ ఆపరేషన్ అయి నెల కూడా కానివాళ్లను ఆఖరుకు పిలవల్ల.

ఒక్కరికి 8 నుంచి 10 నిమిషాలు పడుతుంది. రెండు ఫోన్లతో మూడు గంటల్లో 35 మంది దాకా అవుతారు. అందరినీ 10 గంటలకు రమ్మంటే మధ్యాహ్నం దాకా కూర్చుంటారు, షుగరున్నవాళ్లు ఇబ్బంది పడతారు. గంటకు 12 మంది లెక్కన చీటీలిచ్చేయల్ల. ఓటీపీ వచ్చే ఫోను ఎవరి దగ్గరుందో ముందే కనుక్కోవల్ల. సగం ఆలస్యం ఆడనే. ఆ నంబరు బెంగళూరులో కొడుకు జేబులో ఉంటాది.

ఆదోని వాసి

వేలిముద్ర యంత్రం పెట్టుకున్నవాళ్లకు: వయసు మీదపడితే వేలి గీతలు అరిగిపోతాయి, చలికాలం చర్మం పొడిబారుతుంది. గోరువెచ్చని నీళ్లతో చేతులు కడిగి తుడిచి పెడితే చాలాసార్లు తీసుకుంటుంది. బొటనవేలు కాకపోతే చూపుడువేలు, ఉంగరపువేలు ప్రయత్నించండి. అప్పటికీ కాకపోతే ముఖం స్కాన్‌కు మారండి, పది సార్లు రుద్దొద్దు. ఏదీ పనిచేయకపోతే పీపీఓ, ఆధార్ తీసుకొని నేరుగా ఎస్టీవో ముందు హాజరై ఫారం ఇచ్చే దారి ఎప్పుడూ ఉంటుంది. ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకున్నవాళ్లు ముందు దాన్ని తీయాలి. యాప్ చూపించే ఎర్రర్‌లో కారణం అర్థమయ్యేట్టు ఉండదు.

మంచాన ఉన్నవాళ్ల జాబితా వేరేగా రాసుకొని ఫోను పట్టుకొని వాళ్లింటికే పొండి. కార్యకర్తలు ఇద్దరు వెళ్లాలి, ఇంట్లోవాళ్లు పక్కనుండాలి.

కడప మేడం

అమెరికాలో పిల్లల దగ్గరున్నవాళ్ల సంగతి?

ట్రెజరీ రిటైర్డ్ (కర్నూలు)

మేడం, ముఖం స్కాన్ అక్కడినుంచి కూడా చేయొచ్చు, కాకపోతే ఓటీపీ వచ్చే ఇక్కడి నంబరు అక్కడ పనిచేస్తూ ఉండాలి. ప్రయాణానికి ముందే రోమింగ్ పెట్టించుకోమని చెప్పండి. అది కుదరకపోతే అక్కడి భారత రాయబార కార్యాలయం లేదా కాన్సులేట్‌లో సంతకం చేయించిన సర్టిఫికెట్ పంపాలి. సంక్రాంతికి వచ్చి ఫిబ్రవరి లోపల తిరిగి పోయేవాళ్లయితే, వచ్చిన వారంలోనే చేయించేయండి.

లెక్కల మాస్టారు (అనంతపురం)

రిజిస్టరు గురించి నేను రాస్తాను. సంఘం చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే అనిపిస్తుంది, ఎందుకంటే తక్కిన పనులన్నీ దీనిమీదే నిలబడతాయి.

ఒక్కో సభ్యునికి ఒక పేజీ. పేరు మూడు చోట్ల ఎట్లుందో మూడు వరుసల్లో రాయాలి: పీపీఓలో, ఆధార్‌లో, బ్యాంకులో. ఇంటిపేరు ముందా వెనకా, పొట్టి అక్షరాలా పూర్తి పేరా అన్నది చూడండి. మూడూ ఒకలా లేనివాళ్లను గుర్తుపెట్టుకొని, సభ్యుడు బతికుండగానే సరిచేయించాలి. ఆ తర్వాత పీపీఓ నంబరు, సీఎఫ్ఎంఎస్ ఐడీ, సబ్ ట్రెజరీ, పుట్టిన తేదీ, రిటైరైన తేదీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకోవడం) కోత మొదలైన నెల, జీవిత భాగస్వామి పేరు, పుట్టిన తేదీ, ఆ పేరు పీపీఓలో ఉందా లేదా, ఎరియర్స్‌కు (బకాయిలకు) నామినేషన్ ఇచ్చారా లేదా.

ఆధార్ నంబరు, పూర్తి ఖాతా నంబరు రిజిస్టరులో రాయొద్దు. చివరి నాలుగంకెలు చాలు. పేజీ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం అసలే వద్దు.

ఈ రిజిస్టరుతో వెంటనే రెండు ఉపయోగాలు. మొదటిది కమ్యుటేషన్. మనవాళ్లు 40 శాతం వరకు కమ్యూట్ చేస్తారు, అది 15 ఏళ్లకు తిరిగి కలవాలి. కోత మొదలైన నెల తెలిస్తే 2026లో ఎవరెవరికి కలవాలో జనవరిలోనే తేలిపోతుంది. ఆ నెల పే స్లిప్పులో కోత ఆగిందా అని చూడాలి, ఆగకపోతే ఎస్టీవోకు అర్జీ.

రెండోది వయసు పెరిగినకొద్దీ ఇచ్చే అదనపు పెన్షన్. 2022 పీఆర్సీ (వేతన సవరణ) తర్వాత 70 ఏళ్లకు 7 శాతం, 75కు 12, 80కి 20, 85కు 25, 90కి 30, 95కు 35, 100కు 50. ఇవి ఒకదానిపై ఒకటి కలవవు. 75 నిండితే 7 పోయి 12 వస్తుంది, 19 కాదు. లెక్క మూల పెన్షన్ మీద, కమ్యుటేషన్ కోత పోగా మిగిలినదాని మీద కాదు. మూల పెన్షన్ 40,000 అయితే 70 నిండాక 2,800, 75 నిండాక 4,800, దానిమీద డీఆర్ (కరువు భృతి). చాలామంది పెద్దవాళ్లు చేతికొచ్చే మొత్తంలో శాతం వేసుకొని 'తక్కువిచ్చారు' లేదా 'ఎక్కువిచ్చారు' అనుకుంటారు. స్లిప్పు ముందేసుకొని గీత గీత చదివి చూపించాలి.

ఫ్యామిలీ పెన్షనర్లకూ ఈ అదనపు పెన్షన్ ఉంది. కానీ పాత పీపీఓల్లో భార్య పుట్టిన తేదీ ఉండదు. తేదీ లేకపోతే కంప్యూటర్ దానంతట అది ఏమీ ఇవ్వదు. 80 దాటిన తల్లులు ఎంతోమంది హక్కున్న డబ్బు అందుకోకుండా ఉండిపోయేది ఈ ఒక్క గడి ఖాళీగా ఉన్నందుకే. రిజిస్టరు రాసేటప్పుడు మొదట వాళ్ల పేజీలే తీయండి.

పెన్నా గట్టు (ప్రొద్దుటూరు)

మాస్టారూ, చాలా మేలు చేశారు. సభ్యుడు పోయాక ఇంట్లోవాళ్లు చేయాల్సినవి వరుసగా ఎవరైనా చెప్తారా? పీపీఓ ఎక్కడుందో కూడా తెలియని ఇళ్లు ఉన్నాయి.

కడప మేడం

నేను చెప్తాను. మా దగ్గర ఇదే ఎక్కువ.

మొదటి వారం: ఎస్టీవోకు మరణ సమాచారం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఒక తెల్లకాగితం చాలు, పేరు, పీపీఓ నంబరు, మరణించిన తేదీ. రసీదు సంతకం తీసుకోండి. మరణం నమోదు 21 రోజుల్లోపైతే సులువు. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రివాళ్లు పంపుతారు, ఇంట్లో పోతే మునిసిపాలిటీ లేదా పంచాయతీలో మనమే చేయించాలి. డెత్ సర్టిఫికెట్‌లో పేరు పీపీఓలో ఉన్నట్టే రాయించండి. ఇక్కడ అక్షరం తేడా వస్తే తర్వాత ఆరు నెలల తిరుగుడు.

ఏటీఎం కార్డు జోలికి పోవద్దని పిల్లలకు గట్టిగా చెప్పాలి. మరణించిన తేదీ వరకే పెన్షన్, ఆ మరుసటి రోజు నుంచి ఫ్యామిలీ పెన్షన్. మరుసటి నెల ఒకటో తేదీ పడిన డబ్బు తీసేస్తే తర్వాత వసూలు పెడతారు, ఆ వసూలు తేలేవరకు ఫ్యామిలీ పెన్షన్ కదలదు.

కావలసినవి: పీపీఓలో పెన్షనర్ దగ్గరుండే సగం, డెత్ సర్టిఫికెట్, భార్య లేదా భర్త ఆధార్, పాన్, విడిగా వాళ్ల పేరు మీదున్న బ్యాంకు ఖాతా పాస్‌బుక్, ఫొటోలు, గుర్తింపు మచ్చలు, ట్రెజరీ ఇచ్చే దరఖాస్తు. పీపీఓలో పేరు ఉంటే ఎస్టీవో స్థాయిలోనే మొదలవుతుంది. పేరు లేకపోయినా, రెండో పెళ్లి వంటి చిక్కున్నా, కూతురో కొడుకో అడుగుతున్నా, కాగితాలు రిటైరైన ఆఫీసు ద్వారా పీపీఓ ఇచ్చినవారి దగ్గరికి పోవాలి. అది ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఇచ్చిన పీపీఓనా, స్టేట్ ఆడిట్‌వాళ్లు ఇచ్చినదా అని ముందు చూసుకోండి. జిల్లా పరిషత్, మునిసిపాలిటీ వాళ్లవి ఎక్కువగా ఆడిట్‌వాళ్లవి. తప్పు చోటికి పంపితే ఫైలు తిరిగి రావడానికే నెలలు పడుతుంది.

ఖాతా విషయం బతికుండగానే చూడాలి. చాలామంది గృహిణులకు సొంత ఖాతా ఉండదు, ఉన్నా కేవైసీ లేక నిద్రపోతూ ఉంటుంది. క్యాంపుకు జంటగా వచ్చినప్పుడే అడగండి.

ఫ్యామిలీ పెన్షన్ రెండు రేట్లలో ఉంటుంది: కొంతకాలం పెంచిన రేటు, ఆ తర్వాత 30 శాతం రేటు. ఆ రెండూ, పెంచిన రేటు ఏ తేదీ వరకో కూడా పీపీఓలోనే రాసి ఉంటుంది. ఆ తేదీ దాటగానే సొమ్ము ఒక్కసారిగా తగ్గి, ఎవరో మోసం చేశారని బెంగ పడతారు. తేదీ ముందే చెప్పి ఉంచితే ఆ బెంగ ఉండదు. కమ్యుటేషన్ ఇంకా పూర్తికాకుండా పెన్షనర్ పోయినా ఫ్యామిలీ పెన్షన్‌లో ఆ కోత ఉండదు, మిగిలింది కట్టమని కూడా ఎవరూ అడగకూడదు.

డెత్ రిలీఫ్‌కు (పెన్షనర్ పోతే ఇంటికి ఇచ్చే సాయం), చనిపోయేనాటికి రావలసిన డీఆర్, పీఆర్సీ బకాయిలకు అర్జీలు వేరువేరు. నామినేషన్ ఉంటే ఆ బకాయిలు నేరుగా వస్తాయి. లేకపోతే వారసుల సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగాలి.

ఒక్క విషయం మాత్రం ఎవరూ వాయిదా వేయకూడదు. తమంతట తాము బతుకు గడుపుకోలేని వికలాంగులైన కొడుకో, కూతురో ఉన్న ఇళ్లు. తల్లిదండ్రులిద్దరూ పోయాక ఆ బిడ్డకు జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వచ్చే వీలుంది. దానికి మెడికల్ బోర్డు సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల జాబితాలో ఆ పేరు ఉండాలి. తండ్రి సంతకం చేయగలిగిన రోజుల్లో అది రెండు నెలల పని. ఆయన పోయాక ఆ బిడ్డ తరఫున పోరాడేవాళ్లు ఉండరు. రిజిస్టరులో ఇట్లాంటి ఇళ్లకు ఎర్ర సిరాతో గుర్తు పెట్టి, ఏడాది లోపల ఒక్కటీ మిగలకుండా చేయించండి.

ఆదోని వాసి

మేడం చెప్పిన చివరి మాటకు వెయ్యి నమస్కారాలు. సదరం సర్టిఫికెట్ (వైకల్యం శాతం చూపే కాగితం) ఒక్కటే సరిపోతుందనుకొని ఊరుకోవద్దు, పెన్షన్‌కు అడిగే మెడికల్ బోర్డు కాగితం వేరుగా ఉంటుంది. జిల్లా ఆసుపత్రిలో బోర్డు ఏ రోజు కూర్చుంటుందో కనుక్కొని కార్యకర్తను తోడు పంపాలి.

నంద్యాల దారి (కర్నూలు)

వైద్యం ఖర్చుల గురించి కొంచెం. ఈహెచ్ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డుల్లో భార్య పేరు, ఫొటో సరిగ్గా ఉన్నాయా అని జబ్బు రాకముందే చూడాలి. మన సీమవాళ్లు కర్నూలు నుంచి హైదరాబాదుకు, అనంతపురం నుంచి బెంగళూరుకు, కడప నుంచి తిరుపతికో వేలూరుకో పోతారు. ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందా, ఆ జబ్బుకు ఉందా అని రెండూ అడగాలి. గుండెకు ఉండి, మోకాలికి లేని ఆసుపత్రులు ఉంటాయి.

చేతినుంచి పెట్టుకున్న ఖర్చు రీయింబర్స్‌మెంట్‌కు డిశ్చార్జి అయిన ఆరు నెలల్లోపు అర్జీ ఇవ్వాలి. రిటైరైన ఆఫీసు హెడ్ ద్వారా పంపాలి. డిశ్చార్జి రోజే ఆసుపత్రిలో అడిగి తీసుకోవలసినవి: డిశ్చార్జి సమ్మరీ, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ (వాడిన మందులు, వైద్యం అవసరమేనని డాక్టరు ఇచ్చేది), ఎమర్జెన్సీ సర్టిఫికెట్, అసలు బిల్లులు, ఆసుపత్రి గుర్తింపు ఉత్తర్వు నకలు. అపెండిక్స్-2 ఫారం, నాన్ డ్రాయల్ సర్టిఫికెట్ (ఈ సొమ్ము ఇంతకుముందు తీసుకోలేదన్న కాగితం) ఇక్కడ జతచేస్తాం. ఎమర్జెన్సీ సర్టిఫికెట్ కోసం నెల తర్వాత బెంగళూరు పోతే, చూసిన డాక్టరు ఉండడు. బిల్లు మొత్తం రాదు, ప్యాకేజీ రేటు ప్రకారమే వస్తుంది. ఈ మాట ముందే చెప్పండి, లేకపోతే నింద సంఘం మీద పడుతుంది. పుట్టపర్తిలోని సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో వైద్యం ఉచితం, అనంతపురం వైపువాళ్లు ఆ దారి కూడా చూసుకోవచ్చు.

షుగర్ క్యాంపు పెడితే పొద్దున 7కే మొదలుపెట్టండి, పరగడుపున వచ్చేవాళ్లకు వెంటనే ఇడ్లీ సిద్ధంగా ఉండాలి. స్ట్రిప్పులు ఏప్రిల్, మే ఎండలో కారులో పెట్టి తెస్తే రీడింగు తప్పు వస్తుంది.

లెక్కల మాస్టారు (అనంతపురం)

సంఘం డబ్బు గురించి ఎవరూ రాయలేదు. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘమైతే సర్వసభ్య సమావేశం అయిన 15 రోజుల్లో కార్యవర్గం జాబితా జిల్లా రిజిస్ట్రారుకు ఇవ్వాలి. ఏళ్ల తరబడి ఇవ్వని యూనిట్లు బ్యాంకులో సంతకాలు మార్చుకోవడానికి పోయినప్పుడు ఇరుక్కుంటాయి. జీవిత సభ్యత్వం సొమ్ము ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనే ఉండాలి, వడ్డీ మాత్రమే ఖర్చు పెట్టాలి. వరుస నంబర్లున్న రసీదు పుస్తకాలు, ముగ్గురిలో ఇద్దరి సంతకం, మూడు నెలలకోసారి లెక్క నోటీసు బోర్డు మీద. పనులు చేయించిపెట్టినందుకు సభ్యుల దగ్గర టీ ఖర్చు కూడా తీసుకోకూడదు. ఒక్కసారి తీసుకుంటే వితంతువులు సంఘం గడప తొక్కరు.

గుత్తి కోట (అనంతపురం జిల్లా)

మోసగాళ్ల సంగతి కూడా చెప్పల్ల. 'ట్రెజరీ నుంచి మాట్లాడుతున్నా, లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ చేస్తా' అని ఫోను చేసి ఓటీపీ అడుగుతారు, లేదంటే వాట్సాప్‌లో ఒక ఫైలు పంపి ఎక్కించుకోమంటారు. రిటైరైన తేదీ, పీపీఓ నంబరు కూడా కరెక్టుగా చెప్తారు, అందుకే నమ్ముతారు. ట్రెజరీవాళ్లు ఫోన్‌లో ఓటీపీ అడగరు. డబ్బు పోతే వెంటనే 1930కి చెయ్యల్ల. గంటలోపల చేస్తే ఆపే వీలుంటాది.

ట్రెజరీ రిటైర్డ్ (కర్నూలు)

డిసెంబరు 17 సభను చిన్నచూపు చూడొద్దు. 1982లో ఆ రోజు నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవాళ్లు, తర్వాత రిటైరైనవాళ్లు అని పెన్షనర్లను చీల్చడం 14వ అధికరణకు విరుద్ధమని, పెన్షన్ దయతో ఇచ్చేది కాదని చెప్పింది. ఆ తీర్పు సారాంశం ఒక పేజీ తెలుగులో అచ్చువేసి పంచండి. శాలువాలు తగ్గించి, వచ్చినవాళ్ల రిజిస్టరు పేజీలు నింపడానికి పక్కన ఒక బల్ల వేయండి. అందరూ ఒకేచోట కలిసే రోజు అదొక్కటే.

అర్జీలు రాసేటప్పుడు కాగితానికి ఒకే విషయం. పైన పీపీఓ నంబరు, సీఎఫ్ఎంఎస్ ఐడీ, సబ్ ట్రెజరీ. రెండో ప్రతి మీద ముద్ర, తేదీ. నెలలో కదలకపోతే జిల్లా ట్రెజరీకి, అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి నంబరు తీసుకోండి. పదిమంది సమస్యలు ఒకే అర్జీలో రాస్తే పదీ మూలన పడతాయి.

పెన్నా గట్టు (ప్రొద్దుటూరు)

ఇంకొక్క ప్రశ్న. 80 దాటిన ఫ్యామిలీ పెన్షనర్ తల్లులు బడికే పోలేదు. పుట్టిన తేదీకి రుజువు ఏం చూపాలి? ఆధార్‌లో చాలామందికి జనవరి 1 అని ఉంది.

లెక్కల మాస్టారు (అనంతపురం)

సార్, ముందు ఇంట్లో ఉన్న పాత కాగితాలన్నీ బయటికి తీయించండి. భర్త సర్వీసు రిజిస్టరులో కుటుంబ వివరాల పేజీ, పెన్షన్ ప్రతిపాదనలతో ఇచ్చిన కుటుంబ సభ్యుల జాబితా, పాన్, పాస్‌పోర్టు, ఓటరు కార్డు. సర్వీసు కాగితాల్లో వయసు ఉంటే దానికే బలం ఎక్కువ. రిటైరైన ఆఫీసులో నకలు అడగండి. ఆధార్‌లో జనవరి 1 అని ఉండి, సర్వీసు కాగితంలో వేరే ఉంటే రెండూ కలిపి ఇవ్వొద్దు. ముందు ఆధార్ కేంద్రం ఒప్పుకునే రుజువుతో, సర్వీసు కాగితంలోని తేదీకి సరిపోయేట్టు ఆధార్ సరిచేయించి, ఆ తర్వాత పీపీఓలో తేదీ చేర్చమని అర్జీ పెట్టండి. వరుస తిరగబడితే తేడా చూపించి తిప్పి పంపుతారు.

కడప మేడం

ఆధార్ సవరణకు పోయేటప్పుడు ఆమెను పొద్దున్నే తీసుకెళ్లండి సార్, మధ్యాహ్నమైతే వరుస పెరుగుతుంది. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పు ఎన్నిసార్లంటే అన్నిసార్లు ఒప్పుకోరు, అందుకని ఏ కాగితం చూపించాలో ఇంటి దగ్గరే తేల్చుకొని పోవాలి.